గుర్రప్పిల్ల బేరం

పశ్చిమ మాంబళం,
చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ముప్ఫై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. ఒకసారి ఊరికే, ఒకసారి పెన్సిల్ పట్టుకుని. జవాబు ఆలస్యమైందని ఏమీ అనుకోకు. మధ్యలో కంటి ఆపరేషన్ అయింది. ఎడమ కన్ను ఇప్పుడు కుర్రాడి కన్ను, కుడిది ఇంకా నా వయసులోనే ఉంది. రెంటికీ రాజీ కుదిర్చి చదివేసరికి ఇన్నాళ్ళు పట్టింది.

పగలంతా ఓఎమ్మార్ రోడ్డు మీది కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుని, క్రోంపేట చేరి, రాత్రి పదకొండు దాటాక యులిసిస్ గ్రాంట్ జీవితం తెలుగులో రాస్తున్నావు. అమెరికా అంతర్యుద్ధం గెలిచి ఆ దేశాధ్యక్షుడైన మనిషితో నీకేం పని అని ఇంట్లో అడుగుతున్నారన్నావు. నేనైతే అడగను. నన్నూ ఇలాగే చాలామంది చాలా అడిగారు, ఒక్కదానికీ సరైన జవాబు చెప్పలేకపోయాను.

మొదటి పేజీలో పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను, చూస్తావుగా. పదకొండు విశేషణాలు. ‘కారణజన్ముడు’, ‘ధీరోదాత్తుడు’ సరే, ‘ఆజానుబాహుడు’ దగ్గర మాత్రం నవ్వాగలేదు. గ్రాంట్ ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. భుజాలు కాస్త వంచుకుని నడిచేవాడు. సైన్యంలో ఆయన్ని ఎరగనివాళ్ళు చూస్తే ఎవరో గుమాస్తా అనుకునేవారు. ఆ గుమాస్తా వాలకమే నీ సొత్తు, దాన్ని నువ్వే చేతులారా పారేసుకున్నావు.

తర్వాత ‘పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది’ అన్నావు. ఈ పువ్వు పరిమళించలేదమ్మా. ఒహైయోలో ఆయనకి ఎనిమిదేళ్ళప్పటి సంగతి చూడు. ఊళ్ళో ఒకాయన దగ్గర గుర్రప్పిల్ల ఉంది. పిల్లాడికి అది కావాలి. ఆయన ఇరవై అయిదు డాలర్లు చెబుతున్నాడు, తండ్రేమో ఇరవైకి మించి చేయదంటాడు. చివరికి కొడుకు పోరు పడలేక తండ్రి బేరం నేర్పి పంపాడు: ముందు ఇరవై అను, ఒప్పుకోకపోతే ఇరవై రెండున్నర, అప్పటికీ దిగకపోతే ఇరవై అయిదు. పిల్లాడు వెళ్ళి ఏమన్నాడంటే, ‘నాన్న ఇరవై ఇమ్మన్నాడు, మీరు తీసుకోకపోతే ఇరవై రెండున్నర ఇమ్మన్నాడు, దానికీ ఒప్పుకోకపోతే ఇరవై అయిదు ఇచ్చేయమన్నాడు.’ ఎంతకి కొని ఉంటాడో చెప్పక్కర్లేదు. ఊళ్ళో పిల్లలు దీన్ని పట్టుకుని చాన్నాళ్ళు ఏడిపించారు. ఈ ముచ్చట ముసలితనంలో ఆయనే చెప్పుకున్నాడు.

నీ పుస్తకం ఇక్కడ మొదలుపెట్టు. మనసులో ఉన్నది దాచుకోవడం చేతకాని పిల్లాడు. 1862 ఫిబ్రవరిలో డోనెల్సన్ కోటలో చిక్కిన శత్రు సేనాపతి షరతులేమిటని కబురు పంపితే, వెంటనే బేషరతుగా లొంగడం తప్ప మరో మాట లేదని రెండు ముక్కల్లో రాసి పంపింది ఈ పిల్లాడే. కోటలో ఉన్న ఆ బక్నర్ పాత స్నేహితుడు, ఎనిమిదేళ్ళ కిందట న్యూయార్కులో గ్రాంట్ చేతిలో పైసా లేక ఇరుక్కున్నప్పుడు హోటల్ బిల్లుకి పూచీ పడినవాడు. అయినా ఉత్తరంలో మాట మెత్తబడలేదు. 1884లో ఒక కుర్ర భాగస్వామి చెప్పిందల్లా నమ్మి, ఉన్నదంతా పోగొట్టుకుని, పైగా లక్షా యాభై వేల డాలర్ల బాకీ నెత్తిన వేసుకున్నదీ ఈ పిల్లాడే. ఈ మూడింటికీ ముడి నువ్వు వెయ్యకు. పాఠకుడే వేసుకోవాలి, ఆ ఆనందం వాడిది.

తండ్రిది తోళ్ళ వ్యాపారం. ఆ పని చూస్తే పిల్లాడికి వాంతి వచ్చినంత పనయ్యేది. ‘తోళ్ళ పరిశ్రమపై విముఖత’ అని రాశావు. క్రోంపేటలో ఉండి రాయవలసిన మాటేనా ఇది? మీ పేటకి ఆ పేరు వచ్చిందే తోళ్ళ ఫ్యాక్టరీ వల్ల. ఒకరోజు నాగల్కేణి వైపు నడిచివెళ్ళి టానరీల వీధిలో ఐదు నిమిషాలు నిలబడు. సున్నం, పచ్చి తోలు, మురుగు కలిసిన ఆ వాసన ఇంటికొచ్చి తలస్నానం చేసినా ముక్కు వదలదు. ఆ తర్వాత ‘విముఖత’ కొట్టేస్తావు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం వచ్చిన చోటు. తొమ్మిదో పేజీ. ‘1854లో సైన్యాన్ని వీడి, కొన్ని ఒడుదొడుకులను ఎదుర్కొని, 1861లో తిరిగి చేరాడు.’ ఏడేళ్ళు ఒక వాక్యంలో! అవే లేకపోతే ఈ మనిషి గురించి రాయడానికి ఏముంది? కాలిఫోర్నియాలో, పెళ్ళాం బిడ్డలకి వేల మైళ్ళ దూరంలో ఒంటరిగా ఉండి తాగుడులో పడ్డాడన్న మాట మోసుకుని రాజీనామా చేశాడు. మిస్సోరీలో మామగారిచ్చిన నేలలో తన చేతుల్తో దుంగలు పేర్చి ఇల్లు కట్టాడు. పంట కలిసిరాలేదు. కట్టెలు కొట్టి, బండికెత్తి, సెయింట్ లూయీ వీధుల్లో అమ్మాడు, ఒంటిమీద పాత సైనిక కోటుతోనే. కట్టెల అడితి నువ్వు చూసి ఉండవు, మీ అమ్మని అడుగు. 1857 క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు బంగారు గడియారం తాకట్టు పెట్టాడు. ఇరవై రెండు డాలర్లు వచ్చాయి. ఆ తాకట్టు చీటీ ఇప్పటికీ ఉంది.

అక్కడ ఆగు. కొట్లోకి వెళ్ళేముందు మనిషి వీధి అటూ ఇటూ చూస్తాడు, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని. లోపల సేటు ముఖం చూడడు, వస్తువే చూస్తాడు. చీటీని మడిచి లోపలి జేబులో పెట్టుకుంటాం, ఇంటికెళ్ళాక చొక్కా మార్చినప్పుడు దాన్నీ మారుస్తాం. ఇవి నాకెలా తెలుసని అడగకు. మా ఆవిడ గాజులు ఈ మాంబళం వీధుల్లోనే రెండుసార్లు వెళ్ళి వచ్చాయి, మూడోసారి వెళ్ళి రాలేదు. గ్రాంట్ వీధి చూశాడని మాత్రం రాయకు, మనకి తెలీదు. గడియారం, ఇరవై రెండు డాలర్లు, తేదీ. ఆ మూడూ చాలు.

ఇదే గడ్డు రోజుల్లో, 1859 మార్చిలో, ఇంకోటి చేశాడు. మామగారిది బానిసలున్న ఇల్లు. గ్రాంట్ చేతికి విలియం జోన్స్ అనే బానిస వచ్చాడు. అమ్మితే వెయ్యి డాలర్ల దాకా పలికేవాడు, ఇల్లు గడవని మనిషికి రెండేళ్ళ తిండి. కోర్టుకి వెళ్ళి విడుదల పత్రం రాసిచ్చాడు. ఎందుకో ఎక్కడా చెప్పుకోలేదు. నువ్వు ‘మానవతామూర్తి’ అన్నావు. ఆ మాట అక్కడ పెట్టగానే గడియారం మాయమైపోయింది చూడు. పైగా భార్య జూలియా తరఫున ఇంట్లో ఇంకా బానిసలున్నారు. ఆ సంగతి కూడా అదే పేజీలో ఉండాలి.

నా సంగతి ఒకటి చెబుతాను. డెబ్బైల్లో ఒక పెద్దాయన జీవితచరిత్ర కూలికి రాశాను. ఆయన చనిపోయి ఏడాదైంది, సంవత్సరీకానికి పుస్తకం రావాలని తొందర. రెండు వందల పేజీలు ఇరవై రోజుల్లో దంచాను. నువ్వు వాడిన మాటలన్నీ అందులో ఉన్నాయి, ఇంకా పెద్దవి కూడా. పుస్తకం ఇవ్వడానికి వెళ్తే ఆయన భార్య కళ్ళజోడు పెట్టుకుని నాలుగైదు పేజీలు చదివి, మర్యాదగానే అడిగింది: ‘బాగా రాశారు నాయనా, ఇందులో మా ఆయన ఏ పేజీలో వస్తారు?’ కాఫీ కూడా ఇచ్చింది. ఎలా తాగానో నాకే తెలీదు.

యుద్ధం అధ్యాయం మీద పెద్దగా చెప్పను, అది నీకు బాగానే వచ్చింది. విక్స్‌బర్గ్ ముట్టడి చదువుతుంటే మ్యాప్ అక్కర్లేకపోయింది. షైలో యుద్ధం దగ్గర మాత్రం అంకెలు కుప్ప పోశావు. రెండు రోజుల్లో, రెండు వైపులా కలిపి, చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ చిక్కినవాళ్ళూ 23,000 పైన. నిజమే. కానీ మొదటి రోజు రాత్రి వాన పడుతోంది. గ్రాంట్ చెట్టుకింద పడుకున్నాడు. అంతకుముందు గుర్రం జారి కాలిమీద పడి చీలమండ వాచి ఉంది, నిద్ర పట్టలేదు. దగ్గర్లో ఒక దుంగల ఇల్లుంది, అక్కడికి వెళ్ళాడు. అది ఆసుపత్రి అయిపోయింది, చేతులూ కాళ్ళూ కోస్తున్నారు. చూడలేక మళ్ళీ వానలోకి వచ్చి చెట్టుకిందే కూర్చున్నాడు. వేల మందిని చావులోకి నడిపినవాడు ఆ ఇంట్లో నిలబడలేకపోయాడు. ఆ చెట్టు ముందు రావాలి, 23,000 తర్వాత.

మచ్చలు దాచకు. 1862 డిసెంబరులో తన ఆధీనంలోని ప్రాంతం నుంచి యూదులందర్నీ వెళ్ళగొట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. కొద్ది వారాల్లో లింకన్ దాన్ని రద్దు చేయించాడు. నువ్వు ఫుట్‌నోట్‌లో పెట్టావు. పైకి తీసుకురా. గ్రాంట్ అధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్ళూ అంతే: నల్లవాళ్ళకి ఓటు హక్కునిచ్చే పదిహేనో సవరణ కోసం నిలబడ్డాడు, 1871లో చట్టం తెచ్చి, నల్లవాళ్ళని వేటాడే క్లాన్ ముఠాల నడ్డి విరిచాడు. అదే సమయంలో చుట్టూ ఉన్నవాళ్ళు సారా పన్ను మింగుతుంటే, సొంత కార్యదర్శి దోషి అంటే నమ్మలేదు, అతని తరఫున సాక్ష్యం చెప్పాడు. ఈ రెంటిలో ఏది అసలు గ్రాంట్ అని తేల్చాలన్న టెన్షన్ పెట్టుకోకు.

ఇక మద్రాసు. ‘ప్రపంచయాత్రలో భాగంగా మద్రాసుకు కూడా వచ్చి ఉండవచ్చు’ అని రాశావు. రాలేదు. 1879లో బొంబాయిలో దిగి, ఆగ్రా, ఢిల్లీ, కాశీ చూసి, కలకత్తాలో ఓడెక్కి రంగూన్ వెళ్ళిపోయాడు. ‘ఉండవచ్చు’ అన్న మాట జీవితచరిత్రలో కనిపిస్తే, రచయిత కిటికీలోంచి బయటికి చూస్తున్నాడని నాకు అర్థమవుతుంది. తెలుగువాళ్ళకి ఈ కథతో బంధుత్వం కావాలా, ఉంది. ఆ అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవుల్ని మూసేస్తే లాంకషైర్ మిల్లులకి పత్తి అందలేదు, మన దేశం పత్తి ధర పైకెగిరింది. నల్లరేగడి రైతు నాలుగు డబ్బులు కళ్ళజూశాడు. యుద్ధం ఆగగానే ధర కూలింది. గ్రాంట్ ప్రపంచయాత్రకి 1877లో బయల్దేరేనాటికి ఇక్కడ ధాత నామ సంవత్సరపు కరువు జనాన్ని మింగుతోంది. ఇవి రాయి, అభ్యంతరం లేదు.

అపొమాటోక్స్ లొంగుబాటు ఇంకోసారి రాయాలి. 1865 ఏప్రిల్ 9. దక్షిణాది సేనాపతి లీ కొత్త యూనిఫాంలో, నడుముకి మంచి కత్తితో వచ్చాడు. గ్రాంట్ మామూలు సిపాయి చొక్కా, బురద బూట్లు. పాత మెక్సికో యుద్ధం ముచ్చట్లలో పడి వచ్చిన పనే మరిచిపోతే లీ గుర్తు చేయవలసి వచ్చింది. ఓడినవాళ్ళ గుర్రాలు వాళ్ళనే తీసుకుపొమ్మన్నాడు, దుక్కి రోజులు కదా. 25,000 మందికి తిండి పంపాడు. తన వాళ్ళు ఫిరంగులు పేలుస్తుంటే ఆపమన్నాడు. ఇంత ఉండగా నువ్వు ‘క్షమాగుణసంపన్నుడు’ అని ఒక్క మాటలో తేల్చేశావు.

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. దాని దాకా పాఠకుణ్ణి మోసుకెళ్ళడమే మన పని. నీ వాక్యాలు సగం క్రియ దాకా వెళ్ళనే లేదు, ‘మహనీయుడు’, ‘ధన్యజీవి’ అంటూ దారిలోనే కూర్చుండిపోయాయి. గ్రాంట్‌కి ఇది తెలుసు. చివరి రోజుల్లో గొంతు క్యాన్సర్‌తో మాట పోయింది. అప్పులు తీరాలి, భార్యకి ఏదైనా మిగలాలి. మౌంట్ మెక్‌గ్రెగర్ కొండమీద వరండాలో, జూలైలో కూడా ఉన్ని టోపీ పెట్టుకుని, పెన్సిల్‌తో ఆత్మకథ రాస్తున్నాడు. డాక్టరుకి చీటీల మీద రాసి చెప్పేవాడు. ఒక చీటీలో ఇలా రాశాడు: నేను సర్వనామాన్ని కాను, క్రియని అనిపిస్తోంది, ఉండటం, చేయడం, బాధపడటం, వీటిని తెలిపేది క్రియ, నేను ఆ మూడూను. పుస్తకం ముగించిన కొద్దిరోజులకే, 1885 జూలై 23న పోయాడు. ప్రచురించింది మార్క్ ట్వేన్ సంస్థ. జూలియాకి నాలుగున్నర లక్షల డాలర్ల దాకా వచ్చాయి. ఆ చీటీ నీ రాతలో ఎక్కడా లేదు. చూసి కూడా వదిలేశావేమోనని నా భయం.

రెండో ప్రతి తీసుకుని ఆదివారం రా. మాంబళం స్టేషన్‌లో దిగి రంగనాథన్ వీధి వైపు పోకు, ఆ జనంలో పేజీలు నలిగిపోతాయి. ఇటు పశ్చిమం వైపు దిగు.

ఒక పని చేసుకుని రా. మీ తాతగారు ఆర్మీలో సరుకుల విభాగంలో కంచరగాడిదల మీద సామాను మోయించేవారన్నావు కదా. మెక్సికో యుద్ధంలో గ్రాంట్ పని కూడా అదే. డేరాలు, వంటపాత్రలు తెల్లవారకముందే వాటి వీపున కట్టాలి. కట్టడం పూర్తయ్యేసరికి మొదట కట్టినవి విసుగొచ్చి పొర్లేవి, సామానంతా కిందపడేది. బూతుమాట తన నోట ఎన్నడూ రాలేదంటూనే, మెక్సికో కంచరగాడిదల్ని తోలేవాడు తిడితే మాత్రం క్షమించేస్తానని రాశాడు గ్రాంట్. ఆ బరువు ఎలా కడతారో, ముందు ఏ వైపు ముడి వేస్తారో తాతగారిని అడిగి రాసుకో. ఆయన తిట్టేవారో లేదో కూడా అడుగు. తిట్టేవారంటే ఏమని తిట్టేవారో నాకు విడిగా చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు