సాయంత్రం మనిషిని చూసే డాక్టరు కావాలి

ప్రశ్న: మాది అమలాపురం. మావారికి 44 ఏళ్లు, ఫ్యాన్సీ షాపు నడుపుతారు. రెండేళ్ల కిందట కంటి రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం మొదలైంది. కళ్లజోడు మార్చారు, షుగర్ ఏమోనన్నారు, చివరికి మయస్థీనియా గ్రేవిస్ అని తేలింది. దగ్గర్లోని న్యూరో డాక్టరుగారు పిరిడోస్టిగ్మిన్ రాశారు. ఏడాదిగా అదే మాత్ర. ఈ నెల నుంచి నమలడానికి, మింగడానికి కూడా ఇబ్బంది పడుతున్నారు. ఆడపడుచు హైదరాబాద్ తీసుకెళ్లమంటుంది, మా అన్నయ్య బెంగళూరు అంటాడు. మావారేమో ‘ఆయన మంచాయన, డాక్టర్ని మార్చను’ అంటారు. రోజూ రాత్రి దీని మీదే గొడవ. పొద్దున బాగానే కనిపిస్తారు కాబట్టి అత్తయ్యకు నాదంతా అతిగా అనిపిస్తోంది. ఎవరికి చూపించాలి?

జవాబు: అమ్మా, డాక్టరు ఎంపిక సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మింగడం కష్టమవుతోందన్నారు కదా, అది నెలాఖరు అపాయింట్‌మెంట్ దాకా ఆగే విషయం కాదు. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారికి ఈరోజే ఫోన్ చేయండి. నీళ్లు తాగినా పొలమారుతున్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా, ఒక్క ఊపిరిలో 20 దాకా పైకి లెక్కపెట్టలేకపోయినా ఇక ఎవర్నీ అడగొద్దు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి బయల్దేరండి. మీకు కాకినాడ దగ్గరో, రాజమండ్రి దగ్గరో, ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఇవాళే అనుకుని పెట్టుకోండి. అర్ధరాత్రి ఆలోచించుకోవడం ఎవరి వల్లా కాదు.

మీరు చేస్తున్నది అతి కాదు. నరం నుంచి వచ్చే సంకేతాన్ని కండ అందుకునే చోటును మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే దెబ్బతీయడం ఈ జబ్బు. అందుకే వాడేకొద్దీ కండ అలిసిపోతుంది, విశ్రాంతి దొరికితే కాస్త తేరుకుంటుంది. అత్తయ్యగారు చూస్తున్నది పొద్దున్నే కాఫీ తాగుతున్న కొడుకుని. మీరు చూస్తున్నది రాత్రి తొమ్మిదింటికి, సగం అన్నంలో గడ్డం కింద చెయ్యి ఆనించుకుని ముద్ద నములుతున్న మనిషిని. ఆవిడ కూడా అబద్ధం చెప్పడం లేదు, ఆవిడకు కనిపించేది అదే.

డాక్టరుగారు కూడా ఆ పొద్దుటి మనిషినే చూస్తున్నారేమో ఆలోచించండి. రాత్రి నిద్రపోయి లేచి, మాత్ర వేసుకుని, పదింటి అపాయింట్‌మెంట్‌కు వెళ్తారు. ఆ మాత్ర అరగంట, ముప్పావుగంటలో పని మొదలుపెట్టి కొన్ని గంటలు నిలబెడుతుంది. ఎదుట కూర్చోగానే మనవాళ్లకున్న మర్యాద కొద్దీ ‘పర్లేదండీ, బాగానే ఉంది’ అనేస్తారు. ఆయన అదే మాత్ర మళ్లీ రాస్తారు. కాబట్టి మీవారిని అడిగి, ఈ రాత్రి భోజనం దగ్గర ఒక నిమిషం వీడియో తీయండి. రెప్పలు, నమలడం, మాట తడబడడం కనిపించాలి. మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, ఎన్నింటికి నీరసించారో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఇవి చూపించండి. వీడియో శ్రద్ధగా చూసి, నోట్‌బుక్ తిరగేసి, ‘సాయంత్రం ఎలా ఉంటుంది?’ అని అడిగే డాక్టరును వదులుకోకండి. ఇన్నేళ్లలో నేను చూసిన కుటుంబాలకు ఊరి పేరు కంటే, ఆసుపత్రి ఎత్తు కంటే ఎక్కువ అక్కరకొచ్చింది ఇదే.

చదువు మాత్రం చూసుకోవాలి. బోర్డు మీద ‘న్యూరో’ అని ఉంటే చాలదు, ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్ వేరు. మీకు కావలసింది డీఎం న్యూరాలజీ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ చేసినవారు. యాంటీబాడీ పరీక్ష, అంటే రక్షణ వ్యవస్థ చేస్తున్న ఆ దాడి ఆనవాళ్లను రక్తంలో వెతికే పరీక్ష, చేయించారా, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కోసం సీటీ స్కాన్ తీశారా అని అడగండి. ఈ జబ్బున్న కొందరికి అక్కడ గడ్డ ఉంటుంది, అది తెలియకుండా ఉండకూడదు. పిరిడోస్టిగ్మిన్ లక్షణాలను తగ్గిస్తుంది గానీ జబ్బు మూలాన్ని అదుపు చేయదు. అందుకు స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ లాంటివి ఉంటాయి. అజాథయోప్రిన్ ఫలితం తెలియడానికే నెలలు పడుతుంది. అవి మీవారికి అవసరమా, లేకపోతే ఎందుకు లేదు అన్నది డాక్టరుగారే మీకు అర్థమయ్యేలా చెప్పాలి. అడిగితే విసుక్కుంటే మాత్రం, ఎంత మంచాయనైనా, రెండో అభిప్రాయం తప్పనిసరి.

దానికోసం హైదరాబాద్ నిమ్స్ గానీ, బెంగళూరు నిమ్హాన్స్ గానీ ఒకసారి వెళ్లి రండి. నెలనెలా అంత దూరం తిరగమనడం లేదు. అక్కడ చెప్పిన చికిత్సను ఇక్కడి డాక్టరుగారు కొనసాగించవచ్చు. అందుకే ఆయనకు చెప్పకుండా వెళ్లొద్దు. ‘ఒకసారి పెద్ద సెంటర్లో చూపించుకొస్తాం, ఒక లెటర్ రాసివ్వండి’ అని నేరుగా అడగండి. అనుభవమున్న డాక్టరు దీన్ని అవమానంగా తీసుకోరు. డాక్టర్ని మార్చడం లేదని తెలిస్తే మీవారి బెట్టు కూడా సగం తగ్గుతుంది.

ఇక ఆ రాత్రి గొడవలు. మాట్లాడేకొద్దీ గొంతు అలిసిపోయే జబ్బు అది. రాత్రి తొమ్మిదికి మీరు వాదన మొదలుపెడితే, జవాబు చెప్పే శక్తి లేక ఆయనకు ‘మార్చను’ అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. పొద్దున షాపు తీయకముందు, పది నిమిషాలు, పక్కన కూర్చుని అడగండి. ప్రయాణమంటే భయమా, డబ్బా, షాపు మూతపడుతుందనా? ఆయన నోటితో వినాలి. జబ్బు ఆయనది, డాక్టరు విషయంలో ఆఖరి మాట కూడా ఆయనదే ఉండనివ్వండి.

ఇంకొక్కటి. జ్వరమొస్తే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకోవడం మనకు అలవాటు. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈ జబ్బును ఒక్కసారిగా ముదరబెట్టవచ్చు. న్యూరో డాక్టరును అడగకుండా కొత్త మందేదీ ఒంట్లోకి వెళ్లకూడదు. జబ్బు పేరు, వాడుతున్న మందులు, డాక్టరు నంబరు రాసిన కాగితం మీవారి పర్సులో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి.

డాక్టరుగారి గదిలోకి వెళ్లాక ముందు మీవారినే చెప్పనివ్వండి. ఆయన ‘పర్లేదండీ’ అన్నప్పుడు ఆ వీడియో తీసి చూపించండి.