వాగ్దానం కార్డు వచ్చాక ఆ అధ్యాయం మొత్తం చదవండి

వందనాలు బ్రదర్. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైందనీ, ప్రతి జనవరి ఒకటిన చర్చిలో వాగ్దానం కార్డు (ఆ ఏడాదికని ఇచ్చే బైబిలు వచనం) తీసుకుంటున్నా ఏమీ మారలేదనీ, ఈసారి గుడికి వెళ్లడానికే మనసు రావడం లేదనీ గుంటూరు నుంచి రాశారు. ఆ మాట నేనూ అన్నదాన్నే.

మాది విజయవాడ సింగ్‌నగర్. ఇంట్లోనే కుట్టుపని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు పిల్లల్ని మేడమీదికి ఎక్కించేసరికే నడుం లోతయ్యాయి. మెషిన్లు రెండూ మునిగాయి. నీళ్లు తీశాక చూస్తే, పెళ్లి బ్లౌజులకని ఒకావిడ ఇచ్చిన పట్టుగుడ్డలు కవర్లోనే ఉన్నాయి. ఎరుపు రంగు దిగి పసుపు గుడ్డకు అంటుకుపోయింది, పిండితే బురద. ఆ కవరు పట్టుకుని నేను ఆవిడ గుమ్మంలో నిలబడ్డ రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు అత్తయ్య బలవంతం మీద వెళ్లాను. పన్నెండు దాటాక పళ్లెంలో కార్డులు పెట్టారు. నాకు బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 29:11 వచ్చింది. 'రాబోవు కాలమందు మీకు నిరీక్షణ' అని. నాకు కోపమే వచ్చింది. అత్తయ్య నా ముఖం చూసి, "ఒక్క వచనంతో ఆపకమ్మా, పైనుంచి చదువు" అన్నారు.

ఇంటికొచ్చి చదివాను. అది బబులోనుకు బందీలుగా పోయిన వాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తుందని చెప్తాడు, అది అబద్ధ ప్రవచనం. దేవుడు చెప్పింది 70 ఏళ్లు! మరి అప్పటిదాకా? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. పరాయి దేశంలో, చెరలో ఉన్నవాళ్లతో. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను బ్రదర్. ఏడుపు అదే, కానీ బరువు వేరు.

రెండో తారీఖున ఒక మెషిన్ తల ఊడదీసి, గోనెసంచిలో చుట్టి మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాను. రెండోది బాగవ్వలేదు. మొదట ఫాల్స్, పీకోలే వచ్చాయి, బ్లౌజులు ఇవ్వడానికి జనానికి ధైర్యం చాల్లేదు. ఆ పట్టుగుడ్డల డబ్బు కొంచెం కొంచెంగా కట్టి, మొన్న ఆగస్టుకు తీర్చాను. ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు. ఆవిడ కోసం ప్రార్థన చేస్తున్నాను.

ఉద్యోగం ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. ఎవరైనా తారీఖు చెప్తే నమ్మొద్దు. ఈ 31న మాత్రం వెళ్లండి, ఒంటరిగా ఇంట్లో కూర్చోవద్దు. మీకు ఏ వచనం వచ్చిందో ఇక్కడ రాయండి, ఆ అధ్యాయం నేనూ మొదటినుంచి చదువుతాను.