కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేరు ఉండగా ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చేత్తో ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎందుకు?

గీయడం కంటే ముఖ్యంగా, డ్రాయింగును చదవడం రావాలని. సాఫ్ట్‌వేరు గీత గీస్తుంది. వస్తువు ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి ఎలా కనిపిస్తుందో ఊహించడం మాత్రం విద్యార్థే నేర్చుకోవాలి. గీత గీతకూ ఆగి ఆలోచిస్తేనే అది పట్టుబడుతుంది.

విశాఖ షిప్‌యార్డులో ఒక బ్రాకెట్ (భాగాలను పట్టి ఉంచే రంధ్రాలున్న ఉక్కు ముక్క) చేయాలనుకోండి. మన దేశంలో వాడే మొదటి కోణ పద్ధతిలో, ఎడమ నుంచి చూసిన రూపాన్ని ముందు రూపానికి కుడివైపున గీస్తారు. అమెరికాలో వాడే మూడో కోణ పద్ధతిలో ఎడమవైపునే గీస్తారు. షీటుపై చిన్నగా ఉండే కొన కోసిన శంకువు గుర్తు ఏ పద్ధతో చెబుతుంది. దాన్ని చూడకపోతే రంధ్రం అవతలి వైపు పడుతుంది, ఖరీదైన ఉక్కు వృథా.

బొమ్మలు వేయడం వచ్చినవారికే మార్కులొస్తాయన్నది అపోహ. ఇది చిత్రలేఖనం కాదు. కొలతలు, గీతల రకాలు సరిగా ఉండాలి, అంతే.