కార్డు బాకీ ఉంచుకుని 66 వేల సైకిలా?

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. ఇల్లు మారతహళ్లి, ఆఫీసు వైట్‌ఫీల్డ్, ఎనిమిది కిలోమీటర్లు, స్కూటర్ మీద వెళ్తాను. వయసు 39. షుగర్ బోర్డర్‌లో ఉంది, ఒళ్లు కదిలించమన్నారు డాక్టర్. సైకిల్ తొక్కి ఇరవై ఏళ్లు దాటింది. చేతికొచ్చే జీతం 1,15,000. అద్దె 32,000, కారు లోన్ 14,500, పాప స్కూలు ఫీజు, మ్యూచువల్ ఫండ్ సిప్ 10,000. సేవింగ్స్ ఖాతాలో 60 వేలు, ఎఫ్‌డీ లక్షన్నర ఉన్నాయి. ఆఫీసు వాళ్లు 66 వేల కొత్త సైకిల్ నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోమంటున్నారు, నెలకు 5,500 చొప్పున ఏడాది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన 2021లో 30 వేలకు కొన్న హైబ్రిడ్ సైకిల్‌ని (రోడ్ బైక్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్య రకం) 19 వేలకు ఇస్తానంటున్నారు. నెలకు 2,500 పెట్రోల్ మిగులుతుంది కాబట్టి ఏది కొన్నా గిట్టుబాటే అని నా లెక్క. కావాలంటే రెండు నెలలు సిప్ ఆపుతాను. క్రెడిట్ కార్డులో ఓ 40 వేల బాకీ నెలనెలా అలాగే రోల్ అవుతోంది, మినిమమ్ కడుతున్నాను. మా ఆవిడ కూడా ఒకటి కావాలంటోంది. రెండూ ఒకేసారి కొనేయొచ్చా?

జవాబు: పేరు వేయొద్దన్నారు కాబట్టి మిమ్మల్ని మారతహళ్లి గారూ అనే పిలుస్తాను. సైకిల్ గురించి పది లైన్లు రాసి, కార్డు బాకీ గురించి ఒక్క లైను, అదీ ఏదో కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు రాశారు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ సైకిల్ డబ్బులు అక్కడే పోతున్నాయి.

చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. మీ 40 వేల మీద అది 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 252. అంటే నెలకు 1,650, ఏడాదికి దాదాపు 19,800. మీ అపార్ట్‌మెంట్ ఆయన అడుగుతున్నది ఎంత? 19 వేలు. ఏడాదికో సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొని బ్యాంకువాళ్లకు ఇచ్చేస్తున్నారు, మీరేమో ఇంకా నడిచే వెళ్తున్నారు, సారీ, స్కూటర్ మీద వెళ్తున్నారు. పైగా పాత బాకీ అలా రోల్ అవుతున్నంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కూరగాయలకు కార్డు గీకినా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు. ఇదంతా సేవింగ్స్ ఖాతాలో 60 వేలు పెట్టుకుని, దాని మీద మూడు శాతం కూడా రాకుండా! ఎందుకో గానీ ఇలా ఒక జేబులో డబ్బు, ఇంకో జేబులో అప్పు పెట్టుకునేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. చేతిలో డబ్బు కనబడుతుంటే ధైర్యమట. ఆ ధైర్యానికి నెలకు 1,650 చాలా ఎక్కువ.

కాబట్టి ఈరోజే ఆ 40 వేలు కట్టేయండి. మినిమమ్ కాదు, మొత్తం. తర్వాతి స్టేట్‌మెంట్‌లో మధ్య రోజుల వడ్డీ కొంచెం వస్తుంది, కంగారు పడకుండా అదీ కట్టేయండి. ఎఫ్‌డీ లక్షన్నర అలాగే ఉంటుంది, అది ఆపద సమయానికి. దాన్ని సైకిల్ కోసం ముట్టుకోవద్దు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అనేది అసలు లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు షాపువాళ్లు ధరలో తగ్గిస్తారు. 66 వేల సైకిల్‌కి బ్యాంకు 16 శాతం వడ్డీ లెక్కేసుకుంటే ఏడాదికి సుమారు 5,400 వడ్డీ. అది తగ్గింపులో సర్దుకుంటుంది సరే, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 970 దాకా, మీ జేబులోంచే పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఇది పెద్ద మొత్తమేమీ కాదు, దీనికోసమే వద్దు అనను. ఒకేసారి డబ్బు కట్టేవాడికి షాపువాడు ఇచ్చే తగ్గింపు మీకు రాదు, అది కొంచెం పెద్ద నష్టం. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఆ 5,500 ప్రతి నెలా మీ మినిమమ్ డ్యూలో పూర్తిగా కలుస్తుంది. మినిమమ్ మాత్రమే కట్టే అలవాటున్న మనిషికి ఇది మంచిది కాదు.

పెట్రోల్ లెక్క చూద్దాం, ఇది మీకు నచ్చదు. రోజుకు పదహారు కిలోమీటర్లు. స్కూటర్ లీటర్‌కి 45 ఇస్తుందనుకుందాం, పెట్రోల్ 103 అనుకుందాం. రోజుకు 37 రూపాయలు. నెలలో ఇరవై రెండు రోజులూ సైకిల్ మీదే వెళ్లినా 800. ఇరవై రెండు రోజులూ వెళ్లరు కదా! జూన్ నుంచి అక్టోబర్ దాకా ఏ సాయంత్రం వాన దంచుతుందో తెలియదు, కుందలహళ్లి దగ్గర నీళ్లు నిలిచిన రోజు స్కూటర్‌కే దిక్కుండదు. వారానికి రెండు రోజులు వెళ్లగలిగితే గొప్ప, అంటే నెలకు 300 మిగులుతుంది. ఆ 2,500 ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు అంతు పట్టలేదు, బహుశా కారు పెట్రోల్ కూడా కలిపేసి ఉంటారు. సైకిల్‌కీ దాని సామాన్లకీ కలిపి 22 వేలు పెట్టమంటాను, ఆ లెక్క కింద చెప్తాను. నెలకు 300 చొప్పున ఆ 22 వేలు రాబట్టాలంటే ఆరేళ్లు పడుతుంది. సైకిల్ మీకు ఇష్టం, ఒంటికి మంచిది, అందుకే కొంటున్నారు. అది చాలు. పొదుపు అని పేరు పెడితే వచ్చే తంటా ఏమిటంటే, పొదుపే కదా అని ఖర్చు పెరుగుతూ పోతుంది.

సిప్ ఆపాల్సిన అవసరమే లేదు. ఈఎంఐగా నెలకు 5,500 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అదే డబ్బు నాలుగు నెలలు మీకు మీరే కట్టుకోండి, 22 వేలవుతుంది. ఆ నాలుగు నెలల్లో అసలు తొక్కాలన్న కోరిక నిలుస్తుందో లేదో కూడా తేలుతుంది. ఈలోగా ఎవరిదైనా సైకిల్ అడిగి రెండు ఆదివారాలు తొక్కండి. మన ఊళ్లలో గంటకింత అని అద్దె సైకిళ్లు ఉండేవి, ఇప్పుడు ఆ పని మీ బేస్‌మెంట్ పార్కింగే చేస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో ఎగబడి కొన్న సైకిళ్లు గాలి పోయి, దుమ్ము కొట్టుకుని ఎన్ని ఉంటాయో ఒకసారి కిందికి దిగి చూడండి. గాలి కొట్టించి వాడుకుంటామంటే కాదనేవాళ్లు తక్కువ. కొన్ని అమ్మకానికి కూడా వస్తాయి, ముఖ్యంగా స్కూలు సంవత్సరం అయిపోయి జనం ఇళ్లు ఖాళీ చేసే ఏప్రిల్, మే నెలల్లో, ప్యాకర్స్ లారీ వచ్చే ముందు రోజు బేరం బాగా కుదురుతుంది.

22 వేలూ సైకిల్‌కే పెట్టేయకండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, మంచి తాళం, చిన్న పంపు, వీటికి 4 వేలు పక్కన పెట్టాలి. హెల్మెట్ మాత్రం కొత్తదే. పాత హెల్మెట్ ఒకసారి దెబ్బ తిని ఉంటే లోపలి థర్మకోల్ పైకి బాగానే కనిపిస్తూ పగిలి ఉండొచ్చు. రిపేర్లకు 3 వేలు. మిగిలింది 15 వేలు, అదే మీ బేరం హద్దు.

ఇప్పుడు మీ పొరుగాయన 19 వేలు. ఆయన 30 వేల పాత బిల్లు చూపించి, అందులో మూడో వంతు తగ్గించానంటారు. పాత బిల్లు కాదు, అదే సైకిల్ ఈరోజు కొత్తది ఎంతకు దొరుకుతుందో చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అసలు ధర మారకపోతే ఆ 30 వేలది ఇప్పుడు 28,125 అవుతుంది. అందులో సగం, 14 వేల దగ్గర మొదలుపెట్టండి, 15 దాటొద్దు. “మూడొందల కిలోమీటర్లు కూడా తొక్కలేదండీ” అంటారు, నిజమే అయ్యుంటుంది, కానీ తొక్కకుండా ఏళ్ల తరబడి నిలబెట్టిన సైకిల్‌కి టైర్లు పక్కల పగుళ్లిస్తాయి, గ్రీజు ఎండిపోతుంది, కేబుళ్లు తుప్పు పడతాయి. ఆ మాట అమ్మేవాళ్లకు గొప్ప, కొనేవాళ్లకు ఖర్చు.

పగలు వెళ్లి చూడండి. మొదట సైజు. ఎంత మంచి సైకిలైనా మీ ఎత్తుకు సరిపోకపోతే వద్దు, ఉచితంగా ఇచ్చినా వద్దు, నడుమూ మోకాళ్లూ పాడవుతాయి. సైకిల్ మధ్య రాడ్ మీదుగా రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడితే కొంచెం ఖాళీ మిగలాలి, సీట్లో కూర్చుని పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. తర్వాత ముందు బ్రేక్ గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్ కింద టకటక అంటే బేరింగ్ వదులైంది. పెడల్ కాడను పక్కలకు లాగి చూడండి, అక్కడా ఊగకూడదు. చక్రం ఎత్తి తిప్పితే పక్కలకు పాములా మెలికలు పోతే బెండ్ తీయించాలి, అది చిన్న పనే. ఫ్రేమ్‌లో రాడ్లు కలిసే అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగులు కనిపించినా ఇంక మాట్లాడకుండా వచ్చేయండి. కార్బన్ ఫ్రేమ్ అయితే లోపలి దెబ్బ కంటికి కనిపించదు, మొదటి సైకిల్‌గా సెకండ్‌హ్యాండ్‌లో దాని జోలికే పోవద్దు.

చైన్‌కి పాప స్కూలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి 12 అంగుళాల దగ్గర చూడండి. చైన్ బాగుంటే సరిగ్గా అక్కడ ఇంకో పిన్ను మధ్యభాగం ఉంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటి ఉంటే చైన్ మార్చాలి. మూడు మిల్లీమీటర్లు దాటితే వెనక గేర్ల పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, ఖర్చు పెరుగుతుంది, అంత ధర తగ్గించమని అడగండి. ఇదంతా మీకు చిరాకనిపిస్తే వీధి చివర సైకిల్ మెకానిక్‌కి రెండొందలిచ్చి వెంట తీసుకెళ్లండి, ఆయన అయిదు నిమిషాల్లో తేల్చేస్తాడు.

సైకిల్‌కి ఆర్‌సీ ఉండదు. దొంగదో కాదో తెలియాలంటే బిల్లు అడగాలి, పెడళ్లు బిగించే చోట ఫ్రేమ్ అడుగున సాధారణంగా నంబర్ కొట్టి ఉంటుంది, అది ఫొటో తీసుకోవాలి, ఎవరి దగ్గర ఎంతకు కొన్నారో ఒక కాగితం మీద సంతకంతో రాయించుకోవాలి, డబ్బు యూపీఐలో పంపాలి. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద నేరం, పాత ఐపీసీలో 411. మీ అపార్ట్‌మెంట్ ఆయన విషయంలో ఈ భయం లేదు గానీ ఆన్‌లైన్‌లో వెతికితే ఉంటుంది. “నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, అడ్వాన్స్ వేస్తే పార్శిల్ చేస్తాను” అని ఎవరైనా అంటే నంబర్ బ్లాక్ చేసేయండి.

హైబ్రిడ్ ఎంచుకోవడం మంచిదే. బెంగళూరులో ఎత్తుపల్లాలు ఎక్కువ, గేర్లు కావాలి. చెన్నైలో అయితే గేర్లు లేకపోయినా గడిచిపోయేది. సన్న టైర్ల రోడ్ బైక్ ఇక్కడి గుంతలకు మొదటి సైకిల్‌గా పనికిరాదు, 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరు ఉంటే హాయి. చవక సైకిళ్లకు ముందు పెట్టే స్ప్రింగుల సస్పెన్షన్ చూసి మురిసిపోకండి, అది బరువు తప్ప పెద్దగా ఒరగబెట్టేది లేదు. మొదటి నెల ఔటర్ రింగ్ రోడ్ జోలికి వెళ్లకుండా ఉదయం ఆరు లోపు లోపలి వీధుల్లో తిరగండి, ఆఫీసుకి తర్వాత వెళ్లొచ్చు. షుగర్ గురించి ఎంత తొక్కాలో డాక్టర్‌నే అడగండి. మీ ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, రిపోర్టుల్లో ఇంకేమీ చేరకముందే సొంత పాలసీ తీసుకోండి, బోర్డర్‌లో ఉన్న సంగతి దాచకుండా రాయండి. ఇది సైకిల్ కన్నా ముఖ్యం, వచ్చే ఉత్తరంలో వివరాలు పంపితే విడిగా మాట్లాడుకుందాం.

15 వేలకు కొని, 3 వేలు రిపేర్లకు పెట్టి, ఏడాది తర్వాత మోజు తీరిపోతే 12 వేలకు అమ్మేయొచ్చు. పోయేది ఆరు వేలు, నెలకు అయిదొందలు. 66 వేలది ఏడాదికి సగం ధరకు పోయిందనుకోండి, 33 వేలు పోయినట్టే, నెలకు 2,750. మోజు తీరక, ఒక వానాకాలం దాటి కూడా తొక్కుతూనే ఉన్నారనుకోండి, అప్పటికి మీకు ఎలాంటి హ్యాండిల్ కావాలో, ఎంత దూరం వెళ్తారో, బెంగళూరు దగ్గరి నంది హిల్స్ ఎక్కాలన్న సరదా ఉందో లేదో మీకే తెలుస్తుంది. అప్పుడు 66 వేలు పెట్టండి, నేను అడ్డు చెప్పను, కాకపోతే అదీ దాచుకున్న డబ్బుతోనే.

మీ ఆవిడ సంగతి. రెండూ ఒకేసారి వద్దు. మీ సైజు ఆమెకు సరిపోదు, సీటు కూడా వేరే ఉండాలి, కాబట్టి మీది ఇద్దరూ పంచుకోవచ్చని కూడా అనుకోకండి. ఆమెకు ఎక్కువ మోజుంటే మొదట ఆమెకే కొనండి, మీరు పొరుగువాళ్లది అడిగి తొక్కండి. రెండోది మరో నాలుగు నెలలకు. అప్పటికి కార్డు స్టేట్‌మెంట్‌లో పాత బాకీ సున్నా ఉంటేనే.