అమ్మలూ, ముందు గుడ్డ చూడు

ఆమదాలవలస

అమ్మలూ,

నువ్వు మిషను కొన్నావని, లోపలి బట్టలు ఇంట్లోనే కుడతానంటున్నావని, చెయ్యి తిరిగాక బయటివాళ్లకీ కుట్టిస్తావట అని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ముప్పై ఏళ్లు కాలి మిషను మీద జాకెట్లూ లంగాలూ కుట్టినదాన్ని, మన ఇంట్లో మళ్లీ ఒకరు మిషను ముందు కూర్చుంటారని అనుకోలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. జాకెట్టు కుదరకపోతే మనిషి నీ గుమ్మం ఎక్కి అడుగుతుంది. డ్రాయరు ఒరుసుకుంటే ఎవరూ నోరు విప్పరు. నా భయమల్లా అదే.

కుట్టు సంగతి తొందరగా చెప్పేస్తాను. నీకు బాగా పట్టిన పాత డ్రాయరు విప్పదీసి, ముక్కలు కాగితం మీద గీసుకో. బనియన్ గుడ్డకి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, 11వ నంబరు అడిగి తెచ్చుకో, మామూలు సూదికి కుట్లు దాటిపోతాయి. జిగ్‌జాగ్ వెయ్యి. తిన్నటి కుట్టు సాగదు, కూర్చోగానే తెగుతుంది.

గుడ్డ దగ్గర మాత్రం తొందర వద్దు. ఆన్‌లైన్‌లో అయిదు మీటర్ల లేసు గుడ్డ తెప్పించావట, ఎందుకే? మన వైపు ఉక్కపోతకి అది ఒంటికి ఆనేది కాదు. కావాలంటే అంచుకి వాడుకో. తిరుప్పూరు నుంచి వచ్చే బనియన్ గుడ్డ కిలో లెక్కన దొరుకుతుంది. 95 పాళ్లు కాటన్, 5 పాళ్లు లైక్రా అనే సాగే పోగు ఉన్నది, 160 నుంచి 180 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు ఉన్నది తీసుకో. సాగే వైపు నడుము చుట్టూ వచ్చేలా కత్తిరించు. కాళ్ల మధ్య వేసే రెండో పొర అచ్చం కాటనే ఉండాలి, ఇందులో బేరం లేదు. తెచ్చిన గుడ్డ రాత్రంతా నానబెట్టి, ఆరేసి, అప్పుడు కత్తెర పట్టు. మీటరుకి రెండంగుళాలు కుంచించుకుపోయినా పోతుంది.

ఇప్పుడు మీ అమ్మ నీకెప్పుడూ చెప్పని సంగతి చెబుతాను.

1984లో తను ఇంటర్ చదవడానికి విజయనగరం హాస్టల్‌కి బయల్దేరింది. నాకు మిషను వచ్చి అప్పటికి ఏడాది. చెల్లికి అన్నీ కొత్తవి కుట్టి పంపాలని ఒకటే సంబరం. సంతలో గుడ్డ ముక్కలు కుప్పపోసి అమ్మేచోట లేత గులాబీ రంగుది ఒకటి నున్నగా కనబడింది. కాటనే అన్నారు. చవగ్గా వస్తోందని ఆరు డ్రాయర్లకి సరిపడా తెచ్చేశాను. తడపలేదు. జారకూడదని ఎలాస్టిక్ బాగా బిగించాను. గట్టిగా ఉండాలని మధ్యలో కుట్టు మీద కుట్టు వేశాను.

దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర కదా, అందరం విజయనగరం వెళ్లాం. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో మీ అమ్మ కాళ్లు ఎడంగా వేసి నడుస్తోంది. ఏమైందే అంటే, "కొత్త చెప్పు కరిచిందప్పా" అంది. నేను వేరే చెప్పులు కొనిచ్చి బస్సెక్కేశాను.

దీపావళికి ఇంటికి వచ్చింది. స్నానాల గదిలోంచి ఏడుపు వినబడి తలుపు తీయించాను. గజ్జల్లో చర్మం ఒలిచినట్టు ఎర్రగా ఉంది, నడుము చుట్టూ ఎలాస్టిక్ వాత. హాస్టల్లో నలుగురికీ కనబడతాయని ఎండలో ఆరెయ్యక, మంచం కోడుకి తాడు కట్టి, పైన తువ్వాలు కప్పి ఆరేసేదట. సగం తడివే తొడుక్కునేది. ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వు రాత్రుళ్లు కూర్చుని కుట్టావు కదప్పా" అంది. ఆ మాట నేను ఈ రోజుకీ మర్చిపోలేదు.

ఆ సాయంత్రమే ఆ గుడ్డలో పోగు లాగి దీపానికి పెట్టాను. ముడుచుకుని నల్లటి గట్టి పూసలా అయింది. అచ్చం కాటన్ అయితే కాగితంలా కాలి, బూడిదై రాలిపోతుంది. ఇది రెండు నిమిషాల పని. కొనేముందు చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చి చెయ్యొచ్చు. నేను చెయ్యలేదు.

డాక్టరమ్మ పూత మందు రాసిచ్చింది. మా అమ్మ, మా నాన్నగారి పాత పొందూరు ఖద్దరు పంచె చించింది. వాలుగ చేప దవడతో ఏకిన దూది, సన్నటి వందో నంబరు నూలు, పైగా ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి పాలమీగడలా అయిన పంచె. నేతగుడ్డ సాగదు కాబట్టి ఏటవాలుగా కత్తిరించి, ఎలాస్టిక్ బదులు బొందు పెట్టి నాలుగు కుట్టించింది. నేనే కుట్టాను, కళ్లనీళ్లతో. నెల తిరిగేసరికి మానింది.

అందుకే చెబుతున్నాను, ఎలాస్టిక్ టేపు లెక్కతో మాత్రమే కొయ్యకు. గుడ్డ చుట్టుకొలత 28 అంగుళాలుంటే ఎలాస్టిక్ 24, 25 దాకా సరిపోతుంది. అయినా నడుముకి చుట్టుకుని, కింద బాసింపట్టు వేసి కూర్చుని, ఊపిరి పీల్చి చూసుకుని గుర్తు పెట్టు. మధ్యలో మందపాటి కుట్టు రానివ్వకు. రెండో పొర కుట్లు రెండు గుడ్డల మధ్య దాగిపోవాలి. ఆరెయ్యడం మిద్దె మీద, ఎండలో. నీ కూతురికి ఇప్పటినుంచే అది అలవాటు చెయ్యి. ఎవరైనా దురదో మంటో అంటే కుట్టు సరిచేసి ఊరుకోకు, డాక్టరు దగ్గరికి పంపు.

ఆ పంచె ముక్క ఒకటి నా ట్రంకుపెట్టెలో ఉంది. అన్నయ్య చేత పంపుతున్నాను. కుట్టడానికి కాదు, పోగు విడిపోతోంది. కొట్టుకి వెళ్లినప్పుడు చేతిలో ఉంచుకుని, దాని పక్కన పెట్టి తడిమి చూసి కొను.

మొదటి జత మీ అమ్మకి కుట్టు. బావుందే అంటుంది, నమ్మకు. పీట మీద కూర్చోబెట్టు, లేపు, వంగమను. సాయంత్రం దాకా వేసుకోమని, నడుము మీద వాత పడిందేమో నువ్వే చూడు. పడితే ఆ రాత్రే విప్పి మళ్లీ కుట్టు, పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ