బడి నుంచి ఫోనొస్తే కంగారు పడకండి

సద్దుల బతుకమ్మకు హన్మకొండ వచ్చినప్పుడు మా వాడకట్టు చెల్లె ఒకామె కొడుకును వెంటబెట్టుకొని ఇంటికొచ్చింది. నర్సు. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉద్యోగం ఖాయమైంది, పన్నెండేళ్ల బాబుకు అక్కడి క్యాథలిక్ మగపిల్లల సెకండరీ బడిలో సీటు దొరికింది. బడివాళ్లు పంపిన కాగితాలు టేబుల్ మీద పరిచి, “వెల్‌బీయింగ్ అట, పాస్టోరల్ కేర్ అట. ఇందులో చదువెక్కడుందన్నా?” అని అడిగింది. కుటుంబంతో ఐర్లండ్ వెళ్లిన కొత్తలో నాకూ ఇదే అనుమానం. పిల్లల మనసు, ఆరోగ్యం, మంచిచెడ్డలు బడి చూసుకోవడమే ఆ రెండు మాటలకు అర్థం. ఆమెకు చెప్పిందే మిగతావాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. అక్కడ ప్రతి పిల్లవాడికీ స్కూల్ జర్నల్ ఉంటుంది. హోంవర్క్ అందులో రాసుకుంటాడు, వారానికోసారి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. కాజీపేటలో మా నాన్న నా ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టే నేనూ పెట్టేవాణ్ణి. మార్కులు లేవు కదా, చూసేదేముందనుకున్నాను. నవంబర్‌లో బడి నుంచి ఫోన్. వీడేం చేశాడోనని టెన్షన్‌తో, క్షమాపణ చెప్పడానికి సిద్ధపడి వెళ్లాను. ఇయర్ హెడ్, అంటే ఆ ఏడాది పిల్లలందరి బాధ్యత చూసే టీచర్, జర్నల్ తెరిచి నా ముందు పెట్టారు. నా సంతకానికి రెండంగుళాల పైన క్లాస్ ట్యూటర్ పెన్సిల్‌తో రాసి ఉంది: బాబు మధ్యాహ్నం ఒక్కడే తింటున్నాడు, ఇంట్లో అంతా బాగేనా? మూడు వారాలు అదే ప్రశ్న, కింద మూడు సంతకాలు నావి.

ఆ సెప్టెంబర్‌లోనే మా అమ్మ పోయింది. వాడికి నానమ్మంటే ప్రాణం. ఆ మాట బడికి చెప్పాలని నాకు తట్టనే లేదు.

గైడెన్స్ కౌన్సిలర్ వాడితో వారానికోసారి కూర్చున్నారు. సెకండరీ ఐదో ఏడాది చదివే పిల్లవాణ్ణి అన్నలా తోడిచ్చారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లను చూసుకునే ఈ పద్ధతిని కొన్ని బడుల్లో మెహల్ అంటారు. నాట్లప్పుడు మన ఊళ్లలో ఒకరి పొలానికి ఒకరు బదులు పోయినట్టు, పాత ఐరిష్ పల్లెల్లో కలిసి పంట కోసేవాళ్ల గుంపుకు ఆ పేరు. నవంబర్‌లో క్యాథలిక్ బడుల్లో చనిపోయినవాళ్లను తలచుకుంటారు. బడిలో ప్రార్థనలు, పిల్లల మంచిచెడ్డలు చూసే చాప్లిన్ అడిగితే మావాడు నానమ్మ పేరు తెలుగులోనే రాసిచ్చాడు. ఆ చీటీ ప్రార్థన గదిలో నెలంతా ఉంది.

మతం మారుస్తారేమోనని చెల్లె మెల్లగా అడిగింది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ప్రార్థనలు, మాస్ అనే క్యాథలిక్ ఆరాధన ఉంటాయి. మతబోధ వద్దనుకుంటే పిల్లవాణ్ణి ఆ క్లాసుకు పంపకుండా ఉండే హక్కు అక్కడి రాజ్యాంగమే ఇచ్చింది. మేము మాన్పించలేదు. రిలిజియస్ ఎడ్యుకేషన్‌లో, మనుషులు జీవితానికి అర్థం వెతుక్కున్న ఆనవాళ్లు కళలోనో కట్టడంలోనో చూపించమని ఒక ప్రాజెక్టు ఉంటుంది. మావాడు మన వేయి స్తంభాల గుడి తీసుకున్నాడు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో శివుడు, విష్ణువు, సూర్యుడు ఒకే కప్పు కింద ఎందుకున్నారో క్లాసుకు చెప్పి వచ్చాడు.

మన ఫాతిమానగర్ గాబ్రియేల్ బడిలాగా అక్కడి క్యాథలిక్ మగపిల్లల బడుల్లో చాలావి ఒకప్పుడు బ్రదర్ల బడులే, అంటే పెళ్లి చేసుకోకుండా మతసేవకు అంకితమైనవాళ్లు నడిపినవి. భార్య పోయిన ఎడ్మండ్ రైస్ అనే వ్యాపారి 1802లో వాటర్‌ఫర్డ్‌లో పేద మగపిల్లలకు బడి పెట్టాడు. అలాంటి బడుల్లో చాలావాటికి మూలం అదే. ఇప్పుడు పాఠాలు చెప్పేది దాదాపు అంతా మామూలు టీచర్లే.

ఇక చదువు. జూనియర్ సైకిల్ అనే సెకండరీ మొదటి మూడేళ్లలో వెల్‌బీయింగ్‌కు కనీసం 300 గంటలు పోతాయి: ఆటలు, ఆరోగ్యం, స్నేహాలు, పౌర విద్య. ఆటల పీరియడ్‌ను లెక్కల సారుకు ఇచ్చేయడం అక్కడ కుదరదు, కుదరకూడదు కూడా. లెక్కలొచ్చిన పిల్లలకు నష్టమేమీ లేదు. బడి చివరి పరీక్ష లీవింగ్ సర్ట్‌లో హయ్యర్ లెవల్ లెక్కలు గట్టెక్కితే కాలేజీ సీటుకు చూసే పాయింట్లలో 25 అదనం, దాంతో గరిష్ఠం 625. నాలుగో ఏడాది ట్రాన్సిషన్ ఇయర్‌లో బోర్డు పరీక్ష లేదని మనవాళ్లు ఎగ్గొట్టిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బయటికెళ్లి నాలుగు చోట్ల పనిచేసి, తనకేది నచ్చుతుందో పిల్లవాడు తెలుసుకునేది ఆ ఏడాదే. పన్నెండేళ్లు నిండాక మొదటిసారి అక్కడి బడిలో చేరేవాళ్లు ఐరిష్ భాష నుంచి మినహాయింపు అడగొచ్చు. చేరగానే అడగండి.

కాగితాలు సర్దుతుంటే అడ్మిషన్ ఫారంలో ఒక గడి ఖాళీగా కనిపించింది. బడికి తెలియాల్సింది ఏమైనా ఉంటే రాయమని. “ఏమీ లేదా?” అన్నాను. చెల్లె కొడుకు వైపు చూసింది. కంగారు పడితే వాడికి నత్తి వస్తుందట. రాస్తే సీటు పోతుందని వదిలేసిందట. నత్తి ఉందని సీటు తీసేయరని, అది తెలిస్తేనే మొదటి రోజు అందరి ముందు లేపి చదివించకుండా చూసుకుంటారని చెప్పాను.

ఆమె పెన్ను వెతుక్కునే లోపే బాబు నా జేబులోది తీసుకున్నాడు. వాడే రాశాడు.