కమ్యూనిటీ కాలేజీలో ఏపీ స్కోర్లకు క్రెడిట్ వస్తుంది, కానీ అడిగి వేయించుకోవాలి

మీ ప్రశ్న చదివాను. అమ్మాయి హైస్కూల్లో ఐదు ఏపీ, అంటే కాలేజీ స్థాయి పాఠాల మీద పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు రాసింది, 5కి రెండింట్లో 3, మూడింట్లో 4 వచ్చాయి, ఇప్పుడు కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీలో, చేరుతోంది, ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని అడిగారు. కాదండీ. మా అబ్బాయి 2022లో బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరి, 2024లో యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి, ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. మనవైపు డిప్లొమా చేసి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు చూడండి, దారి అలాంటిదే. ఇక్కడ మూడో ఏడాదిలో చేరతారు.

కాలిఫోర్నియాలో 2016లో ఏబీ 1985 అనే చట్టం వచ్చింది. దాని ప్రకారం 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలు క్రెడిట్, అంటే ఆ మేరకు కాలేజీ చదువు పూర్తయినట్టు లెక్క, ఇవ్వాలి. కాబట్టి మీ అమ్మాయికి వచ్చిన 3లు కూడా పనికొస్తాయి. అయితే ఆ క్రెడిట్ ఏ రూపంలో వస్తుందన్నదే అసలు సంగతి. ఆ పరీక్ష తమ కోర్సుకు సమానమని అక్కడి అధ్యాపకులు ఒప్పుకుంటే ఆ కోర్సు తప్పుతుంది, అంటే మళ్ళీ చదవక్కర్లేదు. అలా కాకపోతే జనరల్ ఎడ్యుకేషన్‌లో, అంటే ఏ ప్రధాన సబ్జెక్టు (మేజర్) తీసుకున్నా అందరూ చదవాల్సిన కోర్సుల్లో, ఒక విభాగం కింద వేస్తారు. అదీ కుదరకపోతే ఎలక్టివ్ యూనిట్లుగా, అంటే ఏ కోర్సుకూ బదులు కాకుండా మొత్తం లెక్కలో మాత్రం కలిసేవిగా, మిగులుతాయి.

ఇది నాకు అర్థమైంది కాలేజీలో చదువు సలహాలిచ్చే కౌన్సిలర్ ఎదురుగా కూర్చున్న రోజునే. మనకు అలవాటే కదా, మార్కుల మెమోలు తీసుకెళ్ళినట్టు స్కోర్ల ప్రింటు, రెండు జిరాక్సులు ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఆ కాగితం తీసుకుని, పెన్సిల్‌తో కెమిస్ట్రీ 3 దగ్గర గీత గీసి, "దీంతో జనరల్ ఎడ్యుకేషన్‌లో ఒక సైన్స్ తీరిపోతుంది, కానీ మేజర్‌కి కెమిస్ట్రీ కావాలంటే మొదటి కోర్సు చదవాల్సిందే" అంది. క్యాలిక్యులస్ బీసీ అనే ఏపీ పరీక్షలో 4 ఉంది, దానికి మొదటి క్యాలిక్యులస్ కోర్సు తప్పింది. చివరికి కాగితం నాకే తిరిగిచ్చేసి, ప్రింట్లు చెల్లవు, స్కోర్లు ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ నుంచి నేరుగా రావాలి అని చెప్పింది. అప్పటినుంచి "ఎన్ని యూనిట్లు వస్తాయి?" అని అడగడం మానేశాను. "ఏ క్లాసు తప్పుతుంది?" అనే అడుగుతున్నాను. మీరూ అలాగే అడగండి.

స్కోర్లు పంపే విషయంలో జాగ్రత్త. పరీక్ష రాసిన ఏడాది జూన్ 20 లోపు ఒక కాలేజీకి ఉచితంగా పంపించుకోవచ్చు. మేం అది చివరికి చేరని ఒక యూనివర్సిటీకి వాడేసి, తర్వాత డబ్బు కట్టి పంపించాం.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి జరిగింది. స్కోర్లు కాలేజీకి అందాయని నిశ్చింతగా ఉన్నాం. క్రెడిట్ ఎక్కాలంటే విడిగా పిటిషన్ ఫారం ఇవ్వాలని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇంగ్లిష్ క్రెడిట్ కనపడకపోయేసరికి, ఆ పరీక్షలో 3 ఉన్నా, మావాడు మొదటి సెమిస్టర్‌లోనే ఇంగ్లిష్ కంపోజిషన్ తీసుకున్నాడు. అర్ధరాత్రి దాకా కూర్చుని వ్యాసాలు రాశాడు. యూసీకి వెళ్ళేటప్పుడు ఆ స్కోరు, ఆ కోర్సు ఒకటే విషయం కాబట్టి ఒక్కసారే లెక్కవేశారు. యూనిట్‌కు 46 డాలర్లే కనుక డబ్బు గురించి బాధ లేదు, కానీ ఆ సెమిస్టర్‌లో ఇంకో మేజర్ కోర్సు పట్టేది. వాణ్ణి చూస్తే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే చెబుతున్నాను, రిజిస్ట్రేషన్ మొదలుకాక ముందే పిటిషన్ పెట్టించండి, ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎక్కిందో లేదో కళ్ళతో చూసుకోండి. ఈ క్రెడిట్‌కు ఏ, బీ లాంటి లెటర్ గ్రేడ్ ఉండదు కాబట్టి జీపీఏ మారదు.

2025 ఫాల్ నుంచి ట్రాన్స్‌ఫర్‌కి ముందు పూర్తి చేయాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులకు క్యాల్-జీఈటీసీ అనే పద్ధతి వచ్చింది. అందులో చాలా విభాగాలకు ఏపీ స్కోర్లు చెల్లుతాయి. క్రిటికల్ థింకింగ్, ఓరల్ కమ్యూనికేషన్ మాత్రం క్లాసులో కూర్చుని చదవాల్సిందే.

ఇంకో మాట. కమ్యూనిటీ కాలేజీ ఇచ్చింది కదా అని యూసీ కూడా అదే ఇస్తుందనుకోకండి. అక్కడికి స్కోర్లు మళ్ళీ పంపాలి, వాళ్ళు మళ్ళీ చూస్తారు. ఏ కోర్సు తప్పుతుందో ఆ క్యాంపస్, ఆ డిపార్ట్‌మెంట్ తేలుస్తాయి. మెడిసిన్ ఆలోచన ఉంటే మరీ జాగ్రత్త, చాలా మెడికల్ స్కూళ్ళు సైన్స్ సబ్జెక్టులకు ఏపీ క్రెడిట్ ఒప్పుకోవు.

క్రెడిట్ వచ్చినా కోర్సు దాటెయ్యాలా వద్దా అన్నది అమ్మాయినే అడగండి. మావాడు నేరుగా రెండో క్యాలిక్యులస్‌లో కూర్చుని మొదటి నెల ఉక్కిరిబిక్కిరయ్యాడు. సీక్వెన్సులూ సిరీసులూ స్కూల్లో హడావుడిగా చెప్పించేశారట. ఆదివారాలు ట్యూటరింగ్ పెట్టుకుని నెట్టుకొచ్చాడు. 4 వచ్చిన పిల్లలకు సరిపోవచ్చు, 3తో గణితంలో ముందుకు దూకించడం నాకైతే ఇష్టం లేదు.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే: అక్కడ 2015 చట్టం ప్రకారం పబ్లిక్ కాలేజీలు, యూనివర్సిటీలు ఆధారం చూపించకుండా 3 కంటే ఎక్కువ స్కోరు అడగకూడదు.

మీ అమ్మాయి మేజర్ ఏంటో, ఏ పరీక్షలో 3, ఏ పరీక్షలో 4 వచ్చిందో రాయండి. ఏ స్కోరు గురించి ముందుగా కౌన్సిలర్‌ని అడగాలో నాకు తెలిసినంత చెబుతాను.